సోయా పాల మిషన్: పాల కోసమైతే వద్దు, పిప్పి కూడా వాడతారంటే కొనండి

ముందే తేల్చి చెప్పేస్తాను. రోజుకో గ్లాసు సోయా పాలు తాగితే చాలనుకునేవాళ్లు ఈ మిషన్ జోలికి వెళ్లకండి. డబ్బా పాలు కొనుక్కోవడమే సుఖం. వారంలో ఒకటికి రెండుసార్లు టోఫు (సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది) వండుకునే ఇల్లయితే, పాలు తీశాక మిగిలే పిప్పిని పారేయడానికి మనసొప్పని మనుషులైతే మాత్రం నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఈ రెండింటికీ మధ్యలో ఊగుతున్నవాళ్ల కోసమే ఈ రాతంతా.

మాకు దీని అవసరం ఎందుకొచ్చిందంటే, మా అబ్బాయికి మామూలు పాలు పడవు. లాక్టోజ్ అరగదు, తాగిన కాసేపటికే కడుపు ఉబ్బరం. అత్తయ్యకి షుగర్. డబ్బా సోయా పాలు తెచ్చి వెనక చిన్న అక్షరాలు చదివితే చాలావాటిలో పంచదార, వెనిల్లా, చిక్కదనం కోసం ఏదో ఒక గమ్. తియ్యగా వెనిల్లా వాసన కొట్టే పాలు పోసి కూర ఎలా వండుతాం? తియ్యదనం లేనివీ దొరుకుతాయి, కానీ వాటితో టోఫు సరిగ్గా విరగదు. గింజలు, నీళ్లు తప్ప ఇంకేమీ లేని పాలు కావాలంటే ఇంట్లోనే తీసుకోవాలి.

మిషన్ చూడ్డానికి పెద్ద గొప్పగా ఉండదు. స్టీలు జగ్గు, దాని మీద బరువైన మూత. మోటారు మొత్తం మూతలోనే ఉంటుంది. మూత కింద నుంచి ఒక కడ్డీ జగ్గులోకి దిగుతుంది, దాని చివర నాలుగు రెక్కల బ్లేడు. పక్కనే ఇంకో సన్నటి, పొట్టి కడ్డీ వేలాడుతూ ఉంటుంది. కొత్తలో దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో మొత్తం మిషన్‌లో తెలివైన భాగం అదే. సోయాలో సాపొనిన్లనే నురగ పుట్టించే పదార్థాలు ఉంటాయి, అందుకే వేడెక్కగానే సబ్బు నీళ్లలా నురగ లేస్తుంది. పొయ్యి మీద కాచేవాళ్లకి ఇదే పెద్ద టెన్షన్. నురగ పొంగుతుంది, మరిగిందనుకుని దించేస్తాం, నిజానికి కింద పాలు ఇంకా మరగనే లేదు. ఈ మిషన్‌లో నురగ పైకొచ్చి ఆ పొట్టి కడ్డీని తాకగానే హీటర్ ఆగుతుంది. నురగ కిందికి దిగాక మళ్లీ మొదలవుతుంది. ఇలా ఆగుతూ సాగుతూ చివరిదాకా కాస్తుంది. పక్కన నిలబడి గరిట పట్టుకుని కాపలా కాయక్కర్లేదు. నన్నడిగితే ఇచ్చిన డబ్బులో సగం ఈ ఒక్క పనికే చెల్లిపోయింది.

మరగడం అంత ముఖ్యమా అంటే, సోయా విషయంలో ముఖ్యమే. పచ్చి సోయాలో ట్రిప్సిన్ ఇన్హిబిటర్లనే పదార్థాలు ఉంటాయి. మనం తిన్న ప్రొటీన్ అరగకుండా అడ్డుపడడం వాటి పని. బాగా మరిగిస్తేనే వాటిలో ఎక్కువ భాగం నశిస్తుంది. సగం కాగిన పాలు తాగితే వికారం, వాంతులు, విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రోగ్రామ్ పూర్తయి బీప్ వచ్చేదాకా మూత తీయొద్దు. బయటికి మరుగుతున్నట్టే కనిపిస్తున్నా సరే.

ఇక పచ్చి వాసన సంగతి. సోయా పాలంటే మొహం చిట్లించేవాళ్లందరి ఫిర్యాదూ అదే. దానికి కారణం గింజలో ఉండే లిపాక్సిజనేజ్ అనే ఎంజైమ్. గింజ నలిగి, నీళ్లూ గాలీ తగలగానే అది గింజలోని నూనె మీద పని మొదలుపెడుతుంది, ఆ పచ్చి వాసన అప్పుడే పుడుతుంది. చన్నీళ్లతో మిక్సీలో రుబ్బి తర్వాత కాస్తే, వాసన పుట్టాక కాచినట్టు లెక్క. 80 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో రుబ్బితే ఆ ఎంజైమ్‌కి పని చేసే అవకాశమే ఉండదు. మంచి మిషన్ చేసేది ఇదే. స్విచ్ వేశాక చాలాసేపు చప్పుడే ఉండదు, గింజలు మునిగిన నీళ్లు ఊరికే వేడెక్కుతుంటాయి. పాడైందేమో అని అనుమానం కూడా వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా గర్ర్‌మని బ్లేడు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. కొనేముందు మిషన్‌తో ఇచ్చే వాడకం పుస్తకంలో గానీ వీడియోలో గానీ ఈ వరస చూసుకోండి. ముందు రుబ్బి తర్వాత కాచే రకమైతే వదిలేయండి, దాని బదులు మీ మిక్సీ, గిన్నె చాలు.

చప్పుడు తక్కువేం కాదు. తెల్లవారుజామున వేస్తే ఇల్లంతా లేస్తుంది. అత్తయ్య హాల్లోంచి "అమ్మాయ్, ఆ రోద అయ్యాక చెప్పవే, ఫోన్లో ఒక్క ముక్క వినపడట్లేదు" అని కేకేస్తుంటారు. అయితే ఆ రోద విడతలు విడతలుగా వచ్చిపోయేదే, మిగతా సమయమంతా నిశ్శబ్దం. నానిన గింజలకైతే మొత్తం అరగంట లోపే అయిపోతుంది.

నానబెట్టడం తప్పదు. పెట్టె మీద "నానబెట్టక్కర్లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి, పొడి గింజలకని వేరే బటన్ కూడా ఇచ్చారు. పని చేస్తుంది, కాదనను. కానీ ఆ పాలు పల్చగా వస్తాయి, పిప్పి బరకగా మిగులుతుంది, వాసన కూడా కాస్త ఎక్కువ. ఎనిమిది గంటలు నానితే గింజ రెండింతలకి పైగా బరువెక్కి, గోటితో నొక్కితే రెండు బద్దలుగా విడిపోతుంది. లోపలి భాగం గుంట లేకుండా చదునుగా కనిపిస్తే సరిపోయినట్టే. ఎండాకాలంలో బయట వదిలేస్తే నీళ్లు పులిసి జిగురొస్తాయి, ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. నానిన నీళ్లు పారబోసి, గింజలు కడిగి, కొత్త నీళ్లు పోయాలి. ఓపికుంటే పొట్టు కూడా రుద్ది తీసేయొచ్చు, పాలు ఇంకాస్త నునుపుగా వస్తాయి. నాకు ఆ ఓపిక లేదు.

కొలత దగ్గర వీళ్ల పుస్తకం గందరగోళం. "ఒక కప్పు గింజలు" అంటారు, నానక ముందా నానాకా అన్నది రాయరు. పొడి గింజలు 100 గ్రాములు తూచుకోండి, జగ్గులో గీత దాకా నీళ్లు పోస్తే లీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. సోయా గింజలో ప్రొటీన్ నూటికి 36 గ్రాముల దాకా ఉంటుంది. కొంత పిప్పిలో ఉండిపోయినా, ఈ కొలతతో 100 మిల్లీలీటర్ల పాలకి మూడు గ్రాములకి కాస్త తక్కువగా వస్తుంది. ఆవు పాలకి దాదాపు దగ్గరే. కాల్షియం మాత్రం దగ్గర కాదు. ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల దాకా ఉంటే, ఇంట్లో తీసిన సోయా పాలలో అందులో నాలుగో వంతు కూడా కష్టమే. డబ్బా సోయా పాలలో చాలావరకు కాల్షియం, విటమిన్ బి12 విడిగా కలుపుతారు. మన జగ్గులో ఎవరూ కలపరు. పాలు పూర్తిగా మానేసినవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు, బి12 అయితే టాబ్లెట్ రూపంలోనో, కలిపిన ఆహారం రూపంలోనో తీసుకోవాల్సిందే.

పెట్టె మీద గుండె బొమ్మ వేసి, సోయా గుండెకి మంచిదని కూడా రాశారు. ఈ మాట ఎక్కడిదంటే, సోయా ప్రొటీన్ గుండె జబ్బు ముప్పు తగ్గిస్తుందని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతిచ్చింది. ఆధారాలు నిలకడగా లేవంటూ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని 2017లో అదే ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. సోయా మంచి ఆహారమే, అంతవరకు చాలు. బొమ్మ చూసి కొనకండి.

వడకట్టడం గురించి మిషన్ వాళ్లు అసలు నోరు విప్పరు. "వడకట్టకుండానే నునుపైన పాలు" అంటారు. ఉత్తదే. వడకట్టకుండా తాగితే గొంతులో సున్నం రాసుకున్నట్టు ఉంటుంది. వాళ్లిచ్చిన జల్లెడలో చాలావరకు పిప్పి ఆగుతుంది గానీ సన్నటి పొడి దిగిపోతుంది. జల్లెడ మీద పల్చటి నూలు గుడ్డ పరిచి పోసుకుని, చల్లారాక మూట కట్టి పిండితేనే పాలు పాలలా ఉంటాయి. మరుగుతున్న మిషన్ పాలు గుడ్డలో పోసి వెంటనే చేత్తో పిండాలని చూడకండి, చెయ్యి కాలుతుంది. మూట జల్లెడలోనే వదిలేసి గరిటెతో నొక్కండి. ఈ కాసేపట్లో గిన్నెలోని పాల మీద తొరక కడుతుంది. చైనా, జపాన్ వంటల్లో ఆ తొరకనే ఎత్తి ఆరబెట్టి వాడతారు. మా ఇంట్లో అది ఆరేదాకా ఉండదు, మా అబ్బాయి పుల్లతో ఎత్తుకుని ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని అక్కడికక్కడే లాగించేస్తాడు.

పాల రుచి ఎలా ఉందంటే, బాగుంది. వేడిగా, చిటికెడు ఉప్పుతో నాకు చాలా నచ్చింది. టీలో పర్వాలేదు. కాఫీలో మాత్రం విరిగినట్టు తునకలు తేలుతాయి, కాఫీ పులుపుకీ ఈ పాల ప్రొటీన్‌కీ పడదు. డబ్బా పాలలో దానికి విరుగుడుగా ఏదో కలుపుతారు కాబట్టి ఈ తేడా తెలియదు. మా ఆయన కాఫీ మనిషి, ఆయన ఓటు మిషన్‌కి వ్యతిరేకం.

ఇక టోఫు. వడకట్టిన పాలు 75, 80 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి విరగ్గొట్టాలి. మిషన్‌లోంచి తీసి, వడకట్టేసరికి వేడి దాదాపు ఆ దగ్గరికే దిగుతుంది, కాస్త ఆలస్యమైతే మళ్లీ వెచ్చబెట్టుకోవాలి. విరగ్గొట్టడానికి మూడు దారులు. ఒకటి జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. మెత్తటి, నీరున్న టోఫు వస్తుంది, పైగా పాలలో లేని కాల్షియం ఇక్కడ కొంత కలుస్తుంది. తినడానికి పనికొచ్చే గ్రేడుదే వాడాలి, గోడలకి పూసే జిప్సం కాదు. రెండోది నిగారి, సముద్రపు ఉప్పు తీశాక మిగిలే ద్రవం నుంచి వచ్చేది, అందులో ముఖ్యమైనది మెగ్నీషియం క్లోరైడ్. రుచి దీంతోనే బాగుంటుంది. మూడోది నిమ్మరసం. ఎప్పుడూ చేతిలో ఉండేది ఇదే కానీ ముద్ద పొడిపొడిగా, కొంచెం పుల్లగా వస్తుంది, మసాలా కూరకైతే తేడా తెలియదు.

జిప్సం పావు కప్పు నీళ్లలో కలిపి, పాలని ఒక్కసారి గుండ్రంగా తిప్పి, అది పోసి, గరిట నిలువుగా పెట్టి పాల తిరుగుడు ఆపేయాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. ఎంతసేపూ కలుపుతూనే ఉంటే ముద్ద కట్టదు. పది నిమిషాల్లో పైన తెల్లటి గడ్డ, పక్కల నుంచి లేత పసుపు నీరు విడిపోతుంది. ఆ నీరు తేటగా ఉంటే విరుగుడు సరిపోయింది, ఇంకా తెల్లగా ఉంటే మరికొంచెం కావాలి. గుడ్డలోకి తీసి బరువు పెడితే టోఫు రెడీ. ఎంత బరువు, ఎంతసేపు అన్నదాన్నిబట్టి గట్టిదనం.

మిషన్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఒక వాయికి టోఫు 150 గ్రాములకి కాస్త అటూ ఇటూ. ఇద్దరికి ఒక పూట కూర. నలుగురున్న ఇంట్లో రెండు వాయిలు తప్పవు. మధ్యలో జగ్గు కడగాలి, చల్లబరచాలి. లేదంటే వేడి మీదున్న అడుగులో రెండో వాయి పక్కాగా అడుగంటుతుంది. పోనీ గింజలు ఎక్కువ వేసి చిక్కటి పాలు తీద్దామా అంటే నురగ కడ్డీ మాటిమాటికీ హీటర్ ఆపేస్తుంది, ప్రోగ్రామ్ సగంలో ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. టోఫుకి చిక్కటి పాలే మేలు, మిషన్‌కి పల్చటి పాలే ఇష్టం. ఈ తగువు తీరేది కాదు. పెద్ద జగ్గున్న మోడల్ తీసుకోవడం తప్ప దారి లేదు.

పిప్పి దగ్గర మాత్రం మిషన్ మార్కులన్నీ కొట్టేసింది. గింజలు పచ్చిగా రుబ్బి, ముందు వడకట్టి తర్వాత పాలు కాచే పద్ధతిలో పిప్పి పచ్చిగానే మిగులుతుంది, దాన్ని విడిగా చాలాసేపు ఉడికించుకోవాలి. మిషన్‌లో పిప్పితో సహా మొత్తం మరుగుతుంది కాబట్టి గుడ్డలోంచి తీసేసరికే ఉడికిపోయి ఉంటుంది. పొడి గింజల బరువుకి కాస్త పైనే తడి పిప్పి వస్తుంది. పీచు బోలెడు, కొంత ప్రొటీన్ కూడా. బాణలిలో కొంచెం నూనె వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేగాక పిప్పి వేసి సన్నటి సెగ మీద తడి ఇంకేదాకా వేయిస్తే పొడిపొడిగా అవుతుంది. చివర్లో నిమ్మరసం పిండుకోవాలి, పులుపు లేకపోతే చప్పగా మట్టిలా ఉంటుంది. రొట్టెల పిండిలో కలిపితే మెత్తగా వస్తాయి, మరీ ఎక్కువైతే విరుగుతాయి, పిండిలో నాలుగో వంతు దాటొద్దు. ఉడికించిన బంగాళాదుంపతో కలిపి కట్లెట్‌లా కాల్చుకోవచ్చు. ఎక్కువ తడి ఉండడం వల్ల ఇది తొందరగా పాడవుతుంది, ఆ రోజు వాడకపోతే చల్లారగానే పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

ఇతర ప్రోగ్రాముల గురించి రెండు ముక్కలు. ఓట్స్ పాలు దీంతో చేయకండి. ఓట్స్‌లో పిండి పదార్థం వేడికి జిగురవుతుంది, గ్లాసులోంచి సాగుతూ దిగుతుంది. కంపెనీలు ఎంజైములు కలిపి ఆ పిండి పదార్థాన్ని విడగొడతాయి కాబట్టే డబ్బా ఓట్ పాలు పల్చగా ఉంటాయి. శనగలతో పాలు తీయొచ్చని కూడా రాశారు, వాటిలోనూ పిండి పదార్థం ఎక్కువే, గంజి కట్టి అడుగున నల్లటి పొర పడుతుంది. సోయాలో పిండి పదార్థం దాదాపు లేకపోవడం వల్లే ఈ మిషన్ దాంతో ఇంత బాగా నడుస్తుంది. బాదం పాలు రుచిగానే వచ్చాయి, కానీ వాటిలో ప్రొటీన్ నామమాత్రం. సూప్ బటన్ మాత్రం అనుకోని బహుమతి. ఎర్ర కందిపప్పు, టమాటా, క్యారెట్ వేసి నొక్కితే గరిటె తిప్పే పని లేకుండా సూప్ వచ్చేస్తుంది.

కడగడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మిషన్లు అల్మారా ఎక్కేది వంట వల్ల కాదు, కడగలేకే. పాలు తీసిన మరుక్షణం జగ్గులో నీళ్లు పోసి వదిలేస్తే అడుగున పొర దానంతటదే ఊడొస్తుంది. ఒక్క గంట ఆరనిచ్చారా, పీచు అరిగేదాకా తోమాల్సిందే. నా మోడల్‌లో హీటర్ జగ్గు అడుగునే ఉంది కాబట్టి చదునుగా తోముకోవచ్చు. హీటర్ తీగ చుట్టలా మూతకి వేలాడే రకాలు కూడా అమ్ముతున్నారు, వాటి సందుల్లో ఇరుక్కునే పిప్పి గీకడం నరకం, దయచేసి కొనకండి. మోటారు ఉన్న మూతని కుళాయి కింద పెట్టకూడదు. కడ్డీలని బ్రష్‌తో తోమి, తడి గుడ్డతో తుడవాలి. ఆ పొట్టి కడ్డీ మీద పొర ఉండిపోతే నురగ లేకపోయినా ఉన్నట్టు అనుకుని హీటర్ ఆపేస్తుంది.

జగ్గుకీ మూతకీ మధ్య ఉండే కరెంటు కనెక్టర్ ఒకసారి వదులైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు మిషన్ తీసుకుని, ఫోన్ చేసిన ప్రతిసారీ "పార్ట్ దారిలో ఉందండీ" అంటూ నానబెట్టారు. చివరికి తెచ్చిచ్చారు, డబ్బులడగలేదు. కొనేముందు ఆ కనెక్టర్, బ్లేడు విడిగా దొరుకుతాయో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంట్లో సోయా ఎలర్జీ ఉన్నవాళ్లుంటే ఇది అసలే వద్దు. థైరాయిడ్ టాబ్లెట్ వేసుకునేవాళ్లు దాన్ని సోయాతో కలిపి వేసుకోకూడదు, మందు సరిగ్గా ఒంటికి పట్టదు, ఎంత గ్యాప్ ఇవ్వాలో డాక్టర్ని అడగండి. ఏడాదిలోపు పిల్లలకి తల్లిపాల బదులు, ఫార్ములా బదులు ఈ పాలు పట్టకూడదు.

ఐదు మార్కులకి నా రేటింగ్: నురగ కాపలాకి, పిప్పికి ఐదు. టోఫుకి మూడున్నర, జగ్గు చిన్నది కావడం వల్ల. పుస్తకానికి ఒకటి. నలుగురూ, అంతకు మించీ ఉన్న ఇల్లయితే లీటరున్నర పైన పట్టే మోడలే చూసుకోండి, గింజలు ఆ సంవత్సరం పంటవి కొనండి. పాతబడిన గింజలు ఎంత నానినా గట్టిగానే ఉంటాయి, వాటి పాలకి నూనె మక్కిన వాసన వస్తుంది, దాన్ని ఏ మిషనూ పోగొట్టలేదు.